చేపకు వైరం పాలతో కాదు, గడియారంతో

కనుమ పండుగకో, గృహప్రవేశం మరునాటి విందుకో, మనుమడి పుట్టినరోజుకో బంధువులంతా ఒకచోట చేరినప్పుడు, కోస్తా ప్రాంతపు కుటుంబాలలో ఎవరో ఒకరు రొయ్యల వేపుడో, వంజరం ముక్కలో, రొయ్యల వడలో ఇంటి దగ్గరే చేసి డబ్బాకెత్తి తీసుకురావడం పరిపాటి. భోజనానికి ముందు కబుర్లు చెప్పుకుంటూ తినే ఈ చిరుతిండ్లకు ఒక్కొక్కప్పుడు అసలు భోజనం కంటె గిరాకీ ఎక్కువ. ఈ ఆచారాన్ని మానుకొమ్మని నేను చెప్పబోవడం లేదు. చేపలలో, రొయ్యలలో మేలైన మాంసకృత్తులున్నాయి. ప్రేమతో చేసి తెచ్చిన వంటకు సాటి వచ్చేది బజారులో దొరకదు. తెచ్చే తీరు మాత్రం మారాలని నా అభిప్రాయం.

పండుగ మరునాటి ఉదయం ఒకే ఇంటివారు నలుగురైదుగురు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రికి రావడం ప్రభుత్వ వైద్యులకు కొత్త కాదు. కారణం అడిగితే వినిపించే మాటలు మూడు: దిష్టి తగిలింది, చేప పడలేదు, చేపలు తిన్నాక పెరుగన్నం తిన్నారు. ఈ మూడవ దానిని చదువుకున్నవారు కూడా గట్టిగా నమ్ముతారు. చేపలూ పాలూ కలిస్తే బొల్లి వస్తుందని పిల్లలను భయపెడతారు. దీనికి శాస్త్రీయమైన ఆధారం లేదు. శరీరంలోని రోగనిరోధక వ్యవస్థ చర్మానికి రంగునిచ్చే కణాలపైనే దాడి చేయడం వల్ల బొల్లి వస్తుంది. దానికీ తిన్న చేపకూ సంబంధం లేదు. బెంగాలీలు చేపను పెరుగులోనే వండుకుని తరతరాలుగా తింటున్నారు.

భయపడవలసిన చోట మాత్రం మనం భయపడడం లేదు. ఆ వేపుడు పొయ్యి మీది నుంచి ఎప్పుడు దిగింది, పళ్లెంలోకి ఎప్పుడు వచ్చింది, ఈ రెండింటి మధ్య ఎక్కడ ఉంది? ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

సుమారు 5 డిగ్రీల సెల్సియస్ నుంచి 60 డిగ్రీల వరకు ఉండే వేడిమి సూక్ష్మక్రిములకు అనువైనది. అనుకూల పరిస్థితులలో 20 నిమిషాలకొకసారి రెట్టింపయ్యే క్రిమి ఒక్కటి ఉన్నా, 4 గంటలలో అది 4 వేలు దాటుతుంది. 7 గంటలలో 20 లక్షలు దాటుతుంది. అందుకే వండిన చేపలు, రొయ్యలు గది వేడిమిలో 2 గంటలకు మించి ఉండరాదని, ఎండ 32 డిగ్రీలు దాటిన రోజున ఒక గంటకు మించరాదని ఆహార భద్రతా నిపుణులు చెబుతారు. మన వేసవిలో, కారు డిక్కీలో, ఆ ఒక్క గంట కూడా ఎక్కువే.

తెల్లవారుజామున వేయించి, వేడి పోకూడదని పొగలు వస్తుండగానే డబ్బాలో కుక్కి మూత బిగించడం మనకు అలవాటు. ఆవిరి లోపలే చెమరిస్తుంది, కరకరలాడే వడ మెత్తబడుతుంది. పైన చల్లారినా నడుమ ఉన్న ముక్కలు గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటాయి. క్రిములకు అంతకంటె మంచి పొదుగుడు పెట్టె మరొకటి ఉండదు.

‘తినే ముందు మళ్లీ వేడి చేస్తాం కదా’ అనే ధీమా కూడా పూర్తిగా నిలవదు. మన చేతుల మీద, ముక్కులో నివసించే స్టెఫిలోకాకస్ అనే క్రిమి ఆహారంలో ఒక విషాన్ని విడుస్తుంది. వేడికి క్రిమి చస్తుంది, విషం చావదు. తిన్న కొద్ది గంటలలోనే వాంతులు పట్టుకుంటాయి. వంజరం, కానాగంత, సూర వంటి చేపలను కోయక ముందే ఐసు లేకుండా ఉంచితే వాటి కండరంలో హిస్టమిన్ పేరుకుంటుంది. ఎంత వేయించినా అది పోదు. తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడి, తలనొప్పి, దురద, గుండెదడ వస్తాయి. దానినే మనవారు ‘చేప పడలేదు’ అంటారు. చాలాసార్లు పడనిది చేప కాదు, ఐసు లేని బుట్ట.

సముద్రపు నీటిలో ఉండే విబ్రియో పారాహీమోలిటికస్ అనే క్రిమి చరిత్ర కూడా చెప్పుకోదగినది. 1950లో జపానులోని ఒసాకా నగరంలో చిన్న ఎండుచేపలు తిని 272 మంది జబ్బుపడ్డారు, 20 మంది మరణించారు. ఆ సందర్భంలోనే ఫుజినో అనే శాస్త్రవేత్త ఈ క్రిమిని కనుగొన్నారు. బాగా ఉడికిస్తే ఇది చస్తుంది. కాని పచ్చి రొయ్యలు ఉంచిన పళ్లెంలోనే వేయించిన రొయ్యలు వేసినా, చేప కోసిన కత్తిపీట మీదనే ఉల్లిపాయలు, నిమ్మకాయలు కోసినా మళ్లీ వచ్చి చేరుతుంది. ఉప్పు, పసుపు, కారం, నిమ్మరసం పట్టించాం కదా అనుకోవడం పొరపాటు. అవి రుచికి, వాటిని క్రిమిసంహారకాలుగా నమ్ముకోరాదు.

‘మా తాతల కాలంలో ఫ్రిజ్‌లు లేవు, ఎవరికేమైంది?’ అని కొందరు అడుగుతారు. ఎవరికేమైందో లెక్క రాసినవారు ఆనాడు లేరు. అంతకంటె ముఖ్యం, వారు చెరువు నుంచి తెచ్చిన చేపను ఆ పూటే వండి, వేడి మీదనే తినేవారు. దూర ప్రయాణానికి ఎండు రొయ్యలు, ఎండు చేపలు కట్టుకునేవారు; తడి లేనిచోట క్రిమి పెరగదని అనుభవం వారికి నేర్పింది. మనం వారి అలవాటును విడిచి, తడి వేపుడుతో కాకినాడ నుంచి హైదరాబాదుకు రాత్రంతా ప్రయాణం చేస్తున్నాం.

మరి తీసుకువెళ్లే మార్గమేమిటి? మూడున్నాయి.

మొదటిది, అన్నిటికంటె మేలైనది, సగం వంట ఇంట్లో, సగం అక్కడ. రొయ్యలను శుభ్రం చేసి, మసాలా పట్టించి, గాలి చొరని డబ్బాలో ముందురోజే డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి. థర్మాకోల్ పెట్టెలో ఐసు మధ్య పెట్టి తీసుకువెళ్లి, అక్కడ ఫ్రిజ్‌లోనే కరగనిచ్చి వేయించండి. పచ్చిది కనుక దాని నీరు ఇతర పదార్థాల మీద కారకుండా పెట్టె అడుగున ఉంచాలి.

రెండవది, వండి చల్లగా తీసుకువెళ్లడం. వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరచి త్వరగా చల్లార్చి, 2 గంటలలోపే ఫ్రిజ్‌లోకి చేర్చి, బాగా చల్లబడిన తరువాత ఐసు పెట్టెలో సర్దుకోవాలి. తినబోయే ముందు లోపలిదాకా పొగలు వచ్చేట్లు, అంటే సుమారు 75 డిగ్రీల వరకు, వేడి చేయాలి.

మూడవది, అదే ఊరిలో, గంట ప్రయాణమైతే, వేడి నీటితో ముందుగా వెచ్చబరచిన హాట్‌ప్యాక్‌లో సెగలు కక్కుతున్నవి వేసి తీసుకువెళ్లి, వెళ్లగానే వడ్డించడం.

నంజుకోవడానికి పచ్చిగుడ్డు మయోనైజ్ బదులు పుదీనా పచ్చడి చాలు. ఆ మయోనైజ్ వల్ల కలిగిన అనారోగ్యాల దృష్ట్యా తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు దానిని నిషేధించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

రొయ్య, పీత పడనివారి విషయం వేరు. వారికి హాని చేసే మాంసకృత్తి వేడికి చెడదు. రొయ్యలు వేగిన నూనెలో వేయించిన ఆలుగడ్డ ముక్క కూడా వారికి ప్రమాదమే. అందువల్ల డబ్బా మీద ‘రొయ్యలున్నాయి’ అని రాయండి, నూనె వేరుగా ఉంచండి. తిన్న వెంటనే పెదవులు వాచి, ఊపిరి ఆడకపోతే ఇంటి వైద్యంతో కాలయాపన చేయక 108కి ఫోను చేయండి.

ఇవన్నీ పాటించడం కష్టం కాదు. కష్టమైనది మర్యాద. తోడికోడలు తెచ్చిన డబ్బాను చూసి ‘ఎప్పుడు వండావమ్మా?’ అని అడిగితే ఆమె నొచ్చుకుంటుందని జంకుతాం. వియ్యాలవారి వంటను కాదనలేం. వాసన బాగానే ఉంది కదా అని సర్దుకుంటాం. జబ్బు తెచ్చే క్రిములకు చాలాసార్లు వాసన ఉండదని మరచిపోతాం. ఆ పళ్లెం చుట్టూ గర్భిణి ఉంటుంది, రెండేళ్ల పసివాడు ఉంటాడు, కాలేయ వ్యాధి, మధుమేహం ఉన్న పెద్దవారుంటారు. యౌవనంలో ఉన్నవాడికి ఒక రాత్రి కష్టం వారికి ఆసుపత్రి మంచం కావచ్చు. అందుచేత అడిగేదాకా ఆగకుండా, తెచ్చినవారే ‘ఇన్ని గంటలకు వేయించాను, ఐసులో తెచ్చాను’ అని చెప్పడం కొత్త మర్యాదగా నిలవాలి.

చివరగా ఒక మాట. విందు ముగిశాక, మూడు గంటలు బల్ల మీద ఉన్న వేపుడును ‘పిల్లల క్యారియరులోకి పనికొస్తుంది’ అని పొట్లం కట్టి పంపడం మన ఇళ్లలో ఆప్యాయతకు గుర్తు. ఆ పొట్లం మరో రెండు గంటలు ప్రయాణం చేస్తుంది, మరునాడు బడిలో తెరుచుకుంటుంది. అన్నం పరబ్రహ్మ స్వరూపమన్న భావన నాకూ ఉంది. కొద్దికొద్దిగా వడ్డించి, మిగిలినది మొదటి నుంచీ ఫ్రిజ్‌లోనే ఉంచితే పారవేయవలసిన అవసరం రాదు. బల్ల మీద ఉండిపోయిన దానిని మాత్రం మొహమాటం లేకుండా పారవేయండి. పావుకిలో రొయ్యల ఖరీదు ఒక్క సెలైన్ సీసాతో, ఒక రాత్రి ఆసుపత్రి జాగరణతో పోల్చి చూస్తే తక్కువే.