పోటుపాటులును రాహుకాలమును

గోదావరి మొగలయందు, కోరంగి మడ అడవుల పాయలలో వలలు పన్ని జీవించు జాలరి తిథిని చూచి వేటకు బయలుదేరుట మూఢాచారమని నేననను. తిథి యనునది సూర్యునినుండి చంద్రుడు జరిగిన ఎడమును 12 అంశల చొప్పున కొలుచు లెక్క. అమావాస్యా పూర్ణిమలయందు ఆ ఉభయుల ఆకర్షణలు ఒకే రేఖపైకి వచ్చుటచేత, ఒకటి రెండు దినములకు పోటు మిక్కిలి హెచ్చి, పాటు మిక్కిలి దిగిపోవును. అష్టమి దాటినపిమ్మట నీరు మందగించును. ఇందలి హేతువును న్యూటను 1687లో గణితముతో నిరూపించెను. హేతువు నెరుగకయే ఫలమును మన జాలరులు కనుగొనిరి.

పోటున మడచెట్ల వేళ్ల నడుమ పరచుకొన్న నీరు పాటు మొదలుకాగానే ఇరుకుపాయలగుండ వెనుకకు పరుగిడుచు రొయ్యలను, చిరుచేపలను ఈడ్చుకొనివచ్చును. ఆ ప్రవాహమునకు ఎదురుగా కట్టిన వల బిగిసి, గుంజలు అదరును. నీరు నిలిచిన వేళ అదే వల సడలి వ్రేలాడును. ఇంతకుమించిన గంగమ్మ అనుగ్రహము ఇందు లేదు. పున్నమికిని అమావాస్యకును పోటు ఇంచుమించు సమానమే యైనను, వెన్నెలలో చేప వలను పసికట్టి తప్పుకొనగలదు గనుక, కొన్ని వలలకు చీకటి రాత్రులే కలసివచ్చును.

కాని ఈ అనుభవజ్ఞానము ప్రక్కనే పంచాంగము రాహుకాలమును తెచ్చి నిలిపినది. వాడుక లెక్కను సోమవారము ఉదయము 7.30 మొదలు 9 గంటలవరకుండు ఆ కాలము ఒక సోమవారమునుండి మరొక సోమవారమునకు మారదు. పోటు మాత్రము దినమునకు సుమారు 50 నిమిషములు వెనుకబడుచు వారము తిరుగునప్పటికి దాదాపు ఆరు గంటలు జరిగిపోవును. అనగా ఈ సోమవారపు రాహుకాలమున పోటు నిండియున్నచో, వచ్చు సోమవారము అదే ఘడియలలో పాటు దిగియుండును. రెండింటికిని ఒకే అశుభమును అంటగట్టువారు సముద్రమును చూడకయే మాటాడుచున్నారు.

ఇంతకంటె క్రూరమైనది మరొకటి కలదు. వల వట్టిదిగా వచ్చిననాడు, ఉదయమున ఎదురైన వితంతువును, వలను దాటిన ముట్టుతను నిందింతురు. ఆమెయే ఎదురైన మరొక పడవ నిండుగా తిరిగివచ్చిననాడు ఆ ఊసెవ్వరును ఎత్తరు. ఆనాటి చేపను గంపకెత్తుకొని, ఊళ్లవెంట తిరిగి అమ్మి, ఇంటికి బియ్యము తెచ్చునది ఆ స్త్రీయే. ఆమె చేయి సోకిన చేపకు లేని మైల, ఆమె నీడ సోకిన వలకు ఎక్కడనుండి వచ్చెనో చెప్పగలవారు నాకు ఇంతవరకు కానరాలేదు.