ఏ మార్కరు పరీక్ష దండగ, ఏది ప్రాణం?

గవర్నర్‌పేట, సూర్యారావుపేట సందుల్లో నడుస్తుంటే చీరల షాపుల డిస్కౌంటు బోర్డులకు పోటీగా ల్యాబుల బోర్డులు కనిపిస్తాయి. ‘ఫుల్ బాడీ చెకప్’, ‘లేడీస్ ప్యాకేజీ’, ఆ కిందే చిన్న అక్షరాల్లో ‘క్యాన్సర్ మార్కర్లు కూడా’. అమ్మకో అత్తగారికో పుట్టినరోజుకి చీర బదులు ఈ ప్యాకేజీ కొనిపెట్టే కూతుళ్లూ కోడళ్లూ ఇప్పుడు ఎక్కువయ్యారు. ప్రేమతో చేసే పనే, కాదనను. కానీ కూరగాయల దగ్గర అర్ధరూపాయికి బేరమాడే మనం ఈ డబ్బు ఎటు పోతోందో కాస్త అడగొద్దూ?

అసలు మార్కరంటే ఏమిటి? వెనకటికి చాకిరేవుకు వేసే బట్టల మీద నల్లజీడి గింజ రసంతో చిన్న గుర్తు పెట్టేవారు, మీ అమ్మమ్మనడిగితే చెబుతుంది. వంద ఇళ్ల బట్టలు కలిసిపోయినా ఆ మచ్చ చూసి ఇది ఫలానా వాళ్లదని తీసిచ్చేవారు. మార్కరు కూడా అలాంటి ఆనవాలే. జబ్బు కణం తన లోపలో, రక్తంలోనో పెట్టుకునే గుర్తు. దాన్ని డాక్టర్లు రెండు పనులకు వాడాలని చూస్తున్నారు. ఒకటి, జబ్బు ఉందో లేదో ముందే కనిపెట్టడానికి. రెండు, వచ్చిన జబ్బుకు ఏ మందు పనిచేస్తుందో ముందే చెప్పడానికి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో మొదటి పని ఇంకా పరిశోధనల దగ్గరే ఉంది. రెండోది ఇరవై ఏళ్ల నుంచీ మనుషుల్ని నిలబెడుతోంది. విచిత్రమేమిటంటే మనం సరదాగా డబ్బు పోసేది మొదటిదానికి, వెనకాడేది రెండోదాని దగ్గర.

ప్యాకేజీల్లో ఉండే సి.ఇ.ఏ. అనే పరీక్షనే తీసుకోండి. ఏ జబ్బూ లేని చుట్ట కాల్చే మనిషికి కూడా అది కాస్త ఎక్కువుండొచ్చు. లివరు బాగాలేకపోయినా పెరగొచ్చు. మరోపక్క నిజంగా ఊపిరితిత్తిలో చిన్న గడ్డ ఉన్నవాళ్లకు మామూలుగానే రావచ్చు. సి.ఎ. 125 అయితే నెలసరి రోజుల్లోనూ పెరుగుతుంది, పొట్టలో టీబీ ఉన్నా పెరుగుతుంది. కాగితం మీద ఎర్రగీత చూసి ఇంటిల్లిపాదీ నెలరోజులు అన్నం మానేయడం, లేదా అంతా బాగుందని రాగానే మూడు నెలల దగ్గును పట్టించుకోకపోవడం, ఈ రెండూ ప్రమాదమే. రక్తంలోని డి.ఎన్.ఏ. తునకల్లో, ఊపిరిలో బయటికొచ్చే వాయువుల్లో ముందస్తు గుర్తు కోసం ప్రపంచమంతా వెతుకుతున్నారు. దొరికితే మంచిదే. ఈలోగా మన పర్సు మనం పట్టుకుందాం.

మరి ముందే కనిపెట్టే దారే లేదా అంటే, బాగా పొగతాగేవారికి ఒకటుంది. అమెరికాలో 53 వేలమందికి పైగా చేసి 2011లో ప్రకటించిన పరిశీలనలో, తక్కువ రేడియేషన్‌తో ఏటా సి.టి. స్కాన్ తీసినవాళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు ఎక్స్‌రే తీసినవాళ్లకంటే 20 శాతం తగ్గాయి. వాళ్లంతా రోజుకొక పెట్టె చొప్పున ముప్ఫై ఏళ్లు కాల్చిన లెక్కకు తగ్గనివారు. మీ వారు ఆ బాపతైతే డాక్టరుతో మాట్లాడండి. మన దేశంలో పాత టీబీ మచ్చలు కూడా స్కాన్‌లో గడ్డల్లా కనిపించి కంగారు పెడతాయి కాబట్టి చూసే డాక్టరు అనుభవం ముఖ్యం.

ఇక పొగే తాగని మన సంగతి. ‘ఆవిడకేం అలవాట్లున్నాయమ్మా, ఆ జబ్బు రావడానికి?’ అనే మాట ఎన్నిసార్లు వినలేదు! నిజానికి మన దేశంలో ఈ క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లలో ఎక్కువమంది జన్మలో బీడీ ముట్టనివాళ్లే. దీపం పథకం కింద గ్యాసు వచ్చింది 1999లో. అంతకుముందు మన అత్తగార్లు పుల్లల పొయ్యి ముందు, ఊక పొయ్యి ముందు గొట్టంతో ఊదుతూ ఎన్నేళ్లు గడిపారో లెక్కేసుకోండి. వంటింటి కట్టెల పొగ క్యాన్సర్‌కు కారణం అయ్యే అవకాశం బాగా ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థే తేల్చింది.

ఉయ్యూరు నుంచో గుడివాడ నుంచో ఒక పెద్దావిడ దగ్గుతో బెజవాడ వస్తుంది. ఎక్స్‌రేలో నీడ. మన దగ్గర నీడంటే ముందు గుర్తొచ్చేది టీబీ. అది తప్పు కాదు, రెండు వారాలు మించిన దగ్గుకు టీబీ పరీక్ష చేయించాల్సిందే, ప్రభుత్వాసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితం కూడా. చిక్కెక్కడంటే, తెమడలో టీబీ దొరకకపోయినా ‘ఎందుకైనా మంచిది, కోర్సు వాడదాం’ అని నెలలు గడిచిపోవడంలో. మందులు మింగుతున్నా నీడ తగ్గకపోతే, మనిషి చిక్కిపోతూంటే, తెమడలో నెత్తురు కనిపిస్తే ముక్క తీసి పరీక్ష చేయాలా అని మీరే అడగండి.

ముక్క పరీక్షలో అడినోకార్సినోమా అని వచ్చిందనుకోండి. అక్కడ మొదలవుతుంది నల్లజీడి గుర్తు పని. 2004లో అమెరికా డాక్టర్లు ఒక సంగతి కనిపెట్టారు. గెఫిటినిబ్ అనే మాత్ర కొందరికి అద్భుతంగా పనిచేసి చాలామందికి అసలు పనిచేయకపోవడానికి కారణం, కణంలోని ఇ.జి.ఎఫ్.ఆర్. అనే జన్యువులో వచ్చే ఒక మార్పు. తర్వాత తూర్పు ఆసియా దేశాల్లో 1,217 మందితో చేసిన పరిశీలన 2009లో వెలువడింది. ఆ మార్పు ఉన్నవాళ్లలో మాత్రతో గడ్డ బాగా తగ్గింది నూటికి 71 మందికి, కీమోతో 47 మందికి. మార్పు లేనివాళ్లలో కీమోతో 23 మందికి తగ్గితే, మాత్రతో తగ్గింది నూటికి ఒక్కరికి! అదే మాత్ర, అదే జబ్బు. గుర్తు చూడకుండా ఇస్తే ఒకరికి వరం, ఇంకొకరికి విలువైన నెలలు మట్టిపాలు. మన దేశంలో ఈ రకం క్యాన్సర్ వచ్చినవాళ్లలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందికి ఈ గుర్తు ఉంటుంది. పొగతాగని ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. ఎ.ఎల్.కె., రాస్ 1 అనే గుర్తులు తక్కువమందిలో ఉంటాయి, వాటికీ వేరే మాత్రలున్నాయి.

కాబట్టి ఆసుపత్రిలో మీ నోట రావలసిన మాట ఇది: ‘డాక్టరుగారూ, మందు మొదలుపెట్టే ముందు జన్యు మార్పుల పరీక్షకు పంపారా?’ పరీక్ష ఫలితానికి వారం పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పట్టొచ్చు. ఆయాసం మరీ ఎక్కువుంటే ఆగలేమని డాక్టరే చెబుతారు. లేకపోతే ఆ పది రోజులు ఓపిక పట్టడం మేలు. చుట్టాలు ‘ఇంకా మందే మొదలుపెట్టలేదా’ అని ఫోన్లు చేస్తారు. చేయనివ్వండి.

ఇంకొకటి, మన ఆడవాళ్లకు బాగా పనికొచ్చేది. తీసిన ముక్కను మైనంలో పోతపోసి దిమ్మగా దాస్తారు, దాన్నే బ్లాకు అంటారు. ఉన్న కాస్త ముక్కా పేరు తేల్చడానికే అయిపోతే గుర్తుల పరీక్షకు మిగలదు, మళ్లీ సూది గుచ్చాలి. అందుకే ముక్క తీసే ముందే ‘గుర్తుల పరీక్షకు కూడా సరిపడా తీయండి’ అని చెప్పాలి. వేరే ఊరు వెళ్తుంటే రిపోర్టు కాగితంతో సరిపెట్టకుండా బ్లాకు, స్లైడులు అడిగి తీసుకోండి. ఎండలో కారు డాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి, మైనం కదా! ముక్క తీయడానికి వీల్లేకపోతే రక్తంతోనూ ఈ గుర్తు వెతకొచ్చు. దొరికితే నమ్మొచ్చు. దొరకలేదంటే మాత్రం లేదని అర్థం కాదు.

డబ్బు సంగతి. ఆ మాత్రకు మొదట్లో ఉన్న ధర ఇప్పుడు లేదు. హైదరాబాదు నాట్కో లాంటి మన కంపెనీలే తయారుచేస్తున్నాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై మన రాష్ట్రంలో ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా నడుస్తున్న పథకంలో ఏ మందు వస్తుంది, ఏ పరీక్ష రాదు అన్నది ఆసుపత్రిలో మిత్ర కౌంటరు దగ్గర ముందే అడగండి. విశాఖ హోమీ భాభా ఆసుపత్రి, హైదరాబాదు ఎం.ఎన్.జె. కూడా ఉన్నాయి. ముంబయి టాటా మెమోరియల్ డాక్టర్లు 350 మందితో చేసిన పరిశీలనలో గెఫిటినిబ్ ఒక్కటే వాడితే జబ్బు సుమారు 8 నెలలు అదుపులో ఉంది, కీమో కూడా కలిపితే 16 నెలలు. బాధలూ ఎక్కువే, అందరూ తట్టుకోలేరు. అయినా మీ డాక్టరుతో మాట్లాడుకోదగ్గ విషయం. మాత్ర పనిచేయడం మానేసినప్పుడు మళ్లీ పరీక్ష అడిగితే విసుక్కోకండి, జబ్బు కొత్త గుర్తు వేసుకుని ఉండొచ్చు, దానికి వేరే మాత్ర ఉండొచ్చు.

మాత్ర మొదలెట్టాక మొహం మీద మొటిమల్లా దద్దుర్లు వస్తాయి, విరేచనాలవుతాయి. వేడి పొక్కులనుకుని పసుపు, నిమ్మరసం రాయకండి, మండుతుంది. సబ్బు తగ్గించి మెత్తని క్రీము వాడండి, ఎండలో గొడుగు వేసుకోవాలి. విరేచనాలకు పల్చటి మజ్జిగ, గంజి పడతాయి, ఆగకపోతే ఆసుపత్రికి ఫోన్ చేయండి. మన పెద్దవాళ్లకు పొద్దున్నే పరగడుపున గ్యాసు మాత్ర వేసుకునే అలవాటుంటుందే, దాని గురించి తప్పక చెప్పండి. కడుపులో పులుపు తగ్గితే గెఫిటినిబ్ ఒంటికి సరిగా పట్టదు.