గ్రేట్ ఈస్టర్న్ హోటలూ, రెండు నినాదాలూ

పాత భవనాల సంగతి ఎత్తితే చాలు, మనవాళ్ళు వెంటనే రెండు జట్లైపోతారు. "ప్రైవేటువాడికి ఇచ్చి పారెయ్యండి, వాడే బాగుచేసుకుంటాడు" అని ఒక జట్టు. "ప్రజల ఆస్తి అప్పనంగా కట్టబెడతారా?" అని రెండో జట్టు. నన్నడిగితే కలకత్తా గ్రేట్ ఈస్టర్న్ హోటలు కథ తెలిసినవాడెవడూ ఈ రెండు జట్లలోనూ చేరలేడు.

డేవిడ్ విల్సన్ అనే బేకరీ వ్యాపారి 1840-41లో డల్హౌసీ స్క్వేరు దగ్గర పెట్టిన హోటలిది. అప్పటి గవర్నర్ జనరల్ పేరు మీద ఆక్లండ్ హోటల్ అన్నారు, తర్వాత గ్రేట్ ఈస్టర్న్ అయింది. బొంబాయి తాజ్ 1903లో తలుపులు తెరిచేనాటికే దీనికి అరవై ఏళ్ళు! అలాంటిది 1970లు వచ్చేసరికి చతికిలపడింది. ఆ దశాబ్దం మధ్యలో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం నిర్వహణ చేతిలోకి తీసుకుంది, 1980లో సొంతం చేసుకుంది.

మొదటి జట్టువాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. సర్కారు చేతికి వచ్చేనాటికే అది మునుగుతున్న పడవ. ముంచింది ప్రైవేటు యాజమాన్యమే. కాబట్టి "ప్రైవేటు అయితే బాగుంటుంది" అనే సూత్రం మొదటి అంకంలోనే ఫెయిలైంది.

ఇక రెండో జట్టు. పాతికేళ్ళు అది "ప్రజల" చేతిలోనే ఉంది కదా, ప్రజలకి ఏం ఒరిగింది? జీతాలు వెళ్ళాయి, నష్టాలు పెరిగాయి, భవనం శిథిలమైంది. మధ్యలో ఒక ఫ్రెంచి సంస్థకి అప్పగించే ప్రయత్నం చేస్తే ఉద్యోగ సంఘాలు అడ్డుపడ్డాయి. చివరికి 2005లో భారత్ హోటల్స్ కి అమ్మింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ లెఫ్ట్ ఫ్రంట్ ప్రభుత్వమే! కొన్నవాళ్ళు మళ్ళీ తెరిచింది 2013 నవంబరులో. అంటే ఎనిమిదేళ్ళు. అంత పాడయ్యాక ఎవరి చేతిలో పెట్టినా రాత్రికి రాత్రి అయ్యే పని కాదది.

అసలు భవనం ఎలా చస్తుందో ఎప్పుడైనా గమనించారా? పైకప్పులో సన్నటి పగులు. వానకి నీళ్ళు దిగుతాయి. గోడలో రావి మొక్క మొలుస్తుంది. దూలాల్లో ఇనుము తుప్పు పట్టి ఉబ్బి చుట్టూ ఉన్న ఇటుకని చీలుస్తుంది. మొదటి ఏడాది ఇద్దరు మేస్త్రీలు వారంలో చేసే పని, ఇరవయ్యో ఏటికి కోట్ల ప్రాజెక్టు అవుతుంది. యజమాని జెండా ఏ రంగైనా నీళ్ళు అలాగే దిగుతాయి.

మా సాఫ్టువేరులోనూ ఇదే గోల. కొత్త ప్రాజెక్టు మొదలైతే కేకు కోస్తారు. పాత కోడుని పదేళ్ళు పడిపోకుండా కాపాడినవాడికి ప్రమోషన్ కూడా రాదు. హోటళ్ళ విషయంలోనూ అంతే, రిబ్బను కత్తిరించడానికి మంత్రులు వస్తారు, రావి మొక్క పీకించడానికి ఎవరూ రారు.

మన హైదరాబాదు సంగతే చూడండి. నిజామత్ జంగ్ 1915లో కట్టించుకున్న హిల్ ఫోర్ట్ ప్యాలెస్ ఆ తర్వాత దశాబ్దాల పాటు రిట్జ్ హోటలుగా వెలిగింది. 1990ల చివర్లో మూతపడింది. దాన్ని అమ్మలేదు, నడపలేదు, రెండు దశాబ్దాలకు పైగా తాళం వేసి వదిలేశారు. ఎవరో హైకోర్టుకెక్కితే గానీ చలనం రాలేదు. అదే ఊళ్ళో ఫలక్‌నుమా మాత్రం నిజాం కుటుంబం చేతి నుంచి జారకుండానే తాజ్ వాళ్ళకి లీజుకి వెళ్ళింది, దాదాపు పదేళ్ళ మరమ్మతుల తర్వాత 2010లో తెరుచుకుంది. అమ్మడం, మూసిపెట్టడం తప్ప వేరే దారే లేదనేవాళ్ళకి ఇంతకన్నా జవాబేం కావాలి?

అయితే లీజు అనగానే చంకలు గుద్దుకోనక్కర్లేదు. ఫలక్‌నుమాలో ఒక పూట భోజనం మామూలు జీతగాడికి అందేది కాదు. సర్కారు భవనం ఇచ్చేటప్పుడు మాత్రం షరతులు రాయించుకోవాలి. ఏ గోడ ముట్టుకోకూడదు, ఏ ఏడాదికి తెరవాలి, తెరవకపోతే ఎంత జరిమానా, మామూలు జనం ఏ రోజు లోపలికొచ్చి చూడొచ్చు, అన్నీ. అంతకన్నా ముందు, సర్కారు చేతిలో ఉన్న ప్రతి పాత భవనం మరమ్మతుకి ఈ ఏడాది ఎంత ఖర్చు పెట్టారో బయటపెట్టాలి. ఆ లెక్క అడగకుండా "అమ్మండి", "అమ్మకండి" అని అరిచే రెండు జట్లవాళ్ళనీ నేను మాత్రం నమ్మను.