మన మొహాల వెనకాల సముద్రం

ఈ సంచికకి ఏదైనా రాయమని మన యూనియన్ సెక్రటరీ అడిగినప్పుడు, "బి.ఎస్సీ. వాడికి రచనలెందుకురా" అని మిత్రులు నవ్వారు. నేను రాసేది కథా కాదు, కవిత్వమూ కాదు. ఒక ఫిర్యాదు, ఒక ప్రతిపాదన. ఫిర్యాదు నా మీదే.

2026 జనవరిలో రిపబ్లిక్ డే సోమవారం పడింది. ముందురోజు ఆదివారం, రథసప్తమి. వరసగా రెండు రోజులు సెలవు దొరికితే అమలాపురం కుర్రాళ్ళు ఏం చేస్తారు? ఓడలరేవు వెళ్తారు. నలుగురం రెండు మోటారు సైకిళ్ళ మీద అల్లవరం మీదుగా బయల్దేరాం. పులిహోర మా అమ్మ కట్టింది. కెమెరా మావయ్యది. పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసే మనిషి కనక, "ఉప్పుగాలి తగలనివ్వకు, ఇసకలో పెట్టకు" అని వంద జాగ్రత్తలు చెప్పి ఇచ్చాడు. దారి పొడుగునా దాళ్వా ఊడ్పులు, కొబ్బరి తోటలు, మధ్యమధ్య రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరియేటర్లు.

సాయంత్రం లెక్క చూస్తే మొత్తం 214 ఫోటోలు. అందులో 190 పైచిలుకు మా మొహాలే! గెంతుతున్న మొహాలు, నల్లకళ్ళద్దాల మొహాలు, పులిహోర తింటున్న మొహాలు. వెనకాల ఎక్కడో ఒక నీలం గీత. అది బంగాళాఖాతం.

నిజానికి ఈ సంగతి మధ్యాహ్నమే ఒకాయన చెప్పాడు. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన మమ్మల్ని చాలాసేపు చూసి, "ఏం బాబూ, పొద్దుట్నించీ మీ మొకాలు మీరే తీసుకుంటన్నారు. సముద్రాన్ని తియ్యరా?" అన్నాడు. సిగ్గుపడి కెమెరా అటు తిప్పాను. అల విరిగే చోటు చూపించి, "నా చిన్నప్పుడు అక్కడ సరుగుడు తోట ఉండేది" అన్నాడు. "అయితే సముద్రం ఎంత ముందుకొచ్చిందంటావు తాతా?" అని అడిగాను. "కొలిచిందెవరు బాబూ?" అన్నాడు.

సైన్సు చదువుతున్నానని చెప్పుకునేవాడికి ఆ మాట గుచ్చుకోదూ?

క్లాసులో మనం చదివిందే. గోదావరి 1465 కిలోమీటర్లు ప్రవహించి తెచ్చిన ఒండ్రుమట్టే ఈ కోనసీమ. వశిష్ఠ నుంచి చీలిన వైనతేయ ఓడలరేవు దగ్గరే సముద్రంలో కలుస్తుంది. నది పోస్తుంది, సముద్రం కోస్తుంది. ఎగువన జాయక్‌వాడి, శ్రీరాంసాగర్ లాంటి జలాశయాల్లో మట్టి ఆగిపోతే పోసేది తగ్గుతుంది. కోసేది మాత్రం తగ్గదు. ఆ నీళ్ళు వాడుకునే రైతుల మీద నాకు కోపం లేదు. నేనూ కాలవ నీటి మీద బతికే ఇంట్లో పుట్టినవాణ్ణే. పైగా ఒకచోట కోసిన ఇసక మరోచోట మేట వేస్తుంది కూడా. కాబట్టి పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజమో, వయసుతోపాటు జ్ఞాపకమూ పెరిగిందో తేలాలంటే పాత ఫోటో ఒకటి కావాలి. నాలుగేళ్ళుగా ప్రతి సెలవుకీ ఓడలరేవు పోతున్న మా నలుగురి దగ్గరా అలాంటిది ఒక్కటీ లేదు.

ఆ రాత్రి ఫోటోలు నాన్నకి చూపించాను. మొహాలన్నీ చకచకా దాటేసి ఒక్కచోట ఆగాడు. మా ఊరు దాటేటప్పుడు చెరువు గట్టు మీద దిగిన ఫోటో అది. వెనకాల మా కొబ్బరి వరస. "మట్టలిలా వాలిపోయాయేంట్రా? పోయినేడు తీసింది ఉందా?" అన్నాడు. లేదు. "చెరువు తవ్వకముందుది?" అదీ లేదు. చెరువు ఉప్పు ఊటవల్లో, తెల్లదోమవల్లో ఎలా తేల్చడం? మా చేను కూడా చెరువుకి లీజుకిమ్మని అడుగుతున్నారు. ఇవ్వాలా వద్దా అని ఇంట్లో రోజూ చర్చే. ఆ చర్చలో అందరి దగ్గరా అభిప్రాయాలున్నాయి, ఆధారం ఎవరి దగ్గరా లేదు.

1996 నవంబరు 6 తుఫానుకి పడిపోయిన మా తోట ఫోటో ఇప్పటికీ మా గోడకి ఉంది. అదే తోట నిలబడి ఉన్నప్పటి ఫోటో మాత్రం లేదు. ఎందుకని అడిగితే నాన్న, "బాగున్నప్పుడు ఎవడు తీస్తాడ్రా?" అన్నాడు.

నా ప్రతిపాదనంతా ఆ ప్రశ్నకి జవాబే. బాగున్నప్పుడే తీద్దాం. ప్రతి ఏడూ ఒకే చోటు నుంచి, ఒకే ఎత్తులో, ఒకే వైపుకి ఒక్క ఫోటో. ఓడలరేవులో రోడ్డు అయిపోయేచోట ఒక సిమెంటు దిమ్మ ఉంది. అది చాలు. రోజు కూడా చెబుతాను: రథసప్తమి. "సప్తమి నాడు పోటు చిన్నది, పున్నమికి రా, నీళ్ళు ఎందాకా వస్తాయో చూద్దువుగాని" అన్నాడు పెద్దాయన. ఆలోచిస్తే ఎంత శాస్త్రీయం! తిథి ఒకటే అయితే చంద్రకళ ఒకటే. పోటు బలమూ, వచ్చే వేళా ఇంచుమించు ఒకటే. ఇంగ్లీషు తేదీ పెట్టుకుంటే ఒక ఏడు పెద్ద పోటు, ఒక ఏడు చిన్న పోటు తగిలి లెక్క తప్పుతుంది. మన పంచాంగం ఇక్కడ పనికొస్తుంది.

లెక్చరర్లు అడగవచ్చు, ఉపగ్రహాలున్నాయి కదా అని. లాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి పనిచేస్తున్నాయి, కాదనను. కాని వాటి బొమ్మల్లో సాధారణంగా ఒక చుక్క అంటే 30 మీటర్లు. అంటే నాలుగు కొబ్బరిచెట్ల ఎడం. అంతకన్నా నిశితంగా చూసే ఉపగ్రహాలూ ఉన్నాయి గాని, మా నాన్నకి కనపడిన మట్ట వాలు వాటికి కనపడుతుందా? ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 2017లో కోస్ట్‌స్నాప్ అనే పని మొదలుపెట్టారు. బీచి దగ్గర ఫోను పెట్టే చిన్న స్టాండు పాతారు. వచ్చేపోయే జనం అక్కడ ఫోను పెట్టి తీసిన ఫోటోలతోనే శాస్త్రవేత్తలు ఒడ్డు ఎంత కదిలిందో లెక్క కడుతున్నారు. వాళ్ళకి స్టాండుంది, మనకి దిమ్మ ఉంది. ఒక్క ఫోటోతో ఏమీ తేలదు, ఒప్పుకుంటాను. పది ఫోటోలు వరసగా పెడితే పెద్దాయన ప్రశ్నకి సగం జవాబు వస్తుంది.

మొహాలు తీసుకోవద్దని నేననను. ఇరవయ్యేళ్ళప్పుడు తీసుకోకపోతే ఎప్పుడు తీసుకుంటాం? 214లో ఒక్కటి మాత్రం సముద్రానికి వదలండి. తేదీ, వేళ రాసి యూనియన్‌కివ్వండి. ప్రతి ఏడూ ఆ ఫోటో ఈ సంచికలో ఒక మూల వేస్తే చాలు. పూర్వవిద్యార్థుల పెట్టెల్లో ఓడలరేవు పాత ఫోటోలుంటే దయచేసి పంపండి. మీ మొహాల వెనకాల ఏముందో మాకు కావాలి.

2027 రథసప్తమికి నేను ఈ కాలేజీలో ఉంటానో ఉండనో. కెమెరా కావలిస్తే మాత్రం మావయ్యని నేను అడిగిపెడతాను. ఉప్పుగాలి తగలనివ్వకండేం!