అత్తయ్యకీ ఓ టిక్కెట్టు

మొన్న సురభి వారి 'మాయాబజార్' నాటకానికి బయల్దేరుతుంటే "మీరెళ్ళి రండమ్మా, ఇంటికి కాపలా నేనుంటాలే" అన్నారు అత్తయ్య. మా చంటిది వింటేనా! చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. లడ్డూలు ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడుతుంటే పిల్ల ఒకటే కేరింతలు. అత్తయ్యేమో "చిన్నప్పుడు మా ఊళ్ళో డేరా వేస్తే చూశాను. మళ్ళీ ఇన్నాళ్ళకి!" అంటూ కళ్ళు తుడుచుకున్నారు.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన ఆ సమాజం ఆడవేషాలు ఆడవాళ్ళకే ఇచ్చింది. ఇంటిల్లిపాదినీ రంగస్థలం ఎక్కించింది. మనమేమో ఇంట్లో పెద్దవాళ్ళని ప్రేక్షకుల్లోకైనా రానివ్వం. మెట్లెక్కలేరనీ, ఆటోలో చోటు చాలదనీ వంకలు! వాళ్ళు 'రాను' అంటే, చాలాసార్లు మనం రెండోసారి అడగలేదనే అర్థం. ఈసారి టిక్కెట్లు కొనేముందు ఇంట్లో మనుషుల్ని సరిగ్గా లెక్కపెట్టుకుందామా?