ఖర్చు తెలుసు, పళ్లెంలో ఏముందో తెలియదు

ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని, 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వీళ్లంతా రోజూ ఏం తింటున్నారు, ఎంత తింటున్నారు అని అడిగితే మాత్రం ప్రభుత్వం దగ్గర అంత కచ్చితమైన జవాబు లేదు.

ఒకప్పుడు కొంతవరకైనా ఉండేది. భారత వైద్య పరిశోధన మండలి 1972లో ఏర్పాటు చేసిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కేంద్రంగా పనిచేసేది. సిబ్బంది ఇంటింటికీ వెళ్లి, ముందు రోజు ఎవరు ఎంత అన్నం, ఎంత పప్పు తిన్నారో కొలగిన్నెలు చూపించి మరీ రాసుకునేవారు. అన్ని రాష్ట్రాలకూ అది చేరలేదు. అయినా ఒకే ఇంట్లో భర్త పళ్లేనికీ గర్భిణి పళ్లేనికీ ఉన్న తేడా అలాంటి లెక్కలోనే బయటపడుతుంది. 2015లో ఆ బ్యూరోను మూసేశారు.

మిగిలింది ఖర్చు లెక్క. 2022-23 వినియోగ వ్యయ సర్వేలో, ఉచిత రేషన్ విలువ కలపకుండా చూస్తే, గ్రామీణ కుటుంబాల ఖర్చులో తిండిగింజల వాటా 5 శాతం లోపే. పానీయాలు, ప్రాసెస్డ్ ఆహారం వాటా 9.6 శాతం. పల్లెలు అన్నం మానేసి చిప్స్ ప్యాకెట్లకు మళ్లాయని దీన్నిబట్టి తేల్చేయడం తేలిక. కానీ హోటల్లో తిన్న ఇడ్లీ, కొనుక్కున్న భోజనం, చిప్స్ అన్నీ ఆ ఒక్క పద్దులోకే వస్తాయి. పైగా రూపాయల్లో వాటా తగ్గినంత మాత్రాన గింజలు పళ్లెంలోంచి పోలేదు. దేశ ప్రజలకు అందే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని, అందులో ఎక్కువ భాగం తెల్ల బియ్యం, పాలిష్ చేసిన ధాన్యాలు, చక్కెరలదేనని 2025లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం తేల్చింది.

కుటుంబ ఆరోగ్య సర్వే కూడా మహిళలను పప్పు, ఆకుకూరలు, గుడ్లు ఎప్పుడెప్పుడు తింటారని అడుగుతుంది. రోజూనా, వారానికోసారా, అప్పుడప్పుడా అని. నీళ్లలాంటి పప్పుచారు రెండు గరిటెలు పోసుకున్నా, గిన్నెడు ముద్దపప్పు తిన్నా ఆ లెక్కలో ఒకటే.

ఈ లోటుకు మూల్యం విధానాల్లో కనిపిస్తోంది. రక్తహీనత అంకెలు చూపించి రేషన్, అంగన్‌వాడీ, బడి భోజనాల్లో ఇనుము కలిపిన బియ్యం ఇచ్చారు. ఆ అంకెలు వేలిమీద గుచ్చి తీసిన చుక్క రక్తంతో వచ్చినవి. ఫలితం అటూఇటూ అయ్యే పద్ధతి అది. పైగా రక్తహీనతకు ఇనుము ఒక్కటే కారణం కాదు; బి12, ఫోలేట్ లోపాలూ ఉంటాయి. ఆ బియ్యంలో వాటినీ కలిపినా, పాలు, గుడ్లు, ఆకుకూరలకు అది ప్రత్యామ్నాయం కాదు.

జాతీయ పోషకాహార సంస్థ ఇప్పుడు సిర నుంచి తీసిన రక్తంతో పాటు ఆహార వివరాలూ సేకరించే కొత్త సర్వే చేపట్టింది. మంచిదే. అయితే పాత బ్యూరో బలమంతా మళ్లీ మళ్లీ కొలవడంలో ఉంది. కొత్త సర్వే ఒక్క విడతతో ఆగితే, కందిపప్పు ధర పెరిగిన ఏడాది ఆ ఇంట్లో ఎవరి పళ్లెంలో పప్పు తగ్గిందో ఏ లెక్కలోనూ దొరకదు.