రూపాయి బిళ్ళంత బ్యాటరీ

కారు తాళం చచ్చిపోవడం ఎప్పుడైనా చూశారా? నేను చూశాను. గజపతినగరంలో, పొద్దున్న ఆరున్నరకి, మా అమ్మమ్మ ఆసుపత్రి ఫైలు గుండెకి హత్తుకుని కారు పక్కన నిలబడి ఉండగా.

ఆ రోజు అమ్మమ్మ కుడికంటికి శుక్లం ఆపరేషన్. ఎనిమిదికల్లా విజయనగరంలో ఉండాలి. షుగర్ ఎక్కువుందని అప్పటికే రెండుసార్లు వెనక్కి పంపేశారు. ఈసారి నెల రోజులు అన్నం తగ్గించి, చోడి అంబలి తాగి, పట్టుదలగా షుగర్‌ని దారికి తెచ్చుకుంది. ఈ డేట్ పోతే మళ్లీ ఎప్పుడిస్తారో, అప్పటికి షుగర్ ఎంతుంటుందో ఎవరికీ తెలీదు. అందుకే నేను ముందురోజు రాత్రే విశాఖ నుంచి కారేసుకుని వచ్చేశాను.

తీరా చూస్తే రిమోట్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. హ్యాండిల్ పట్టుకున్నా తలుపు రాలేదు. నేనప్పుడు చేసిన పనులు చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది. గట్టిగా నొక్కాను. ప్యాంటుకి రుద్దాను. నోటితో ఊదాను. చివరికి ఫోన్లో మాన్యువల్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ పెట్టాను. అది ఎంతకీ దిగదు.

తప్పు నాదే. మూడు వారాలుగా డ్యాష్‌బోర్డ్ మీద 'కీ బ్యాటరీ తక్కువగా ఉంది' అని వస్తూనే ఉంది. రోజూ చూసేవాణ్ణి, పట్టించుకునేవాణ్ణి కాదు. కోడ్ రాసేవాళ్లకి ఈ జబ్బు మామూలే. ఎర్రర్ కాదుగా, వార్నింగే కదా!

ఈలోగా పక్కింటి బావ పళ్లు తోముకుంటూ వచ్చాడు. వరసకి బావ, వృత్తికి ట్యాక్సీ డ్రైవర్. "ఏటి బామ్మర్దీ, బీటెక్కు సదివినావు, తలుపు రానేదేటి?" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. నా చేతిలోంచి రిమోట్ లాక్కుని, దాని పక్కనున్న చిన్న మీట జరిపి లాగాడు. లోపల్నుంచి బుల్లి ఇనప తాళంచెవి బయటికొచ్చింది! రెండేళ్లుగా నా జేబులోనే ఉంది అది. నాకు తెలీదు.

డ్రైవర్ తలుపు హ్యాండిల్ చివర చిన్న మూత ఉంది. దాన్ని ఊడదీస్తే కింద తాళం కన్నం. తిప్పాడు, తలుపు వచ్చింది. వెంటనే అలారం కూడా మోగింది. తాళంచెవితో తీస్తే చాలా కార్లు దొంగ వచ్చాడనే అనుకుంటాయి మరి. వీధంతా లేచింది. "ఎవులిదమ్మా ఆ కారు?" అని నాలుగిళ్ల అవతల్నుంచి కేకలు. అమ్మమ్మ మాత్రం ఇవేవీ పట్టనట్టు ఎక్కి కూర్చుంది.

ఇప్పుడు స్టార్ట్ చేయాలి. బటన్ నొక్కితే 'కీ కనిపించడం లేదు' అంటోంది స్క్రీన్. బావ నవ్వుతూ, "యేలితో కాదు, ఆ రిమోటుతోనే నొక్కు" అన్నాడు. బ్రేక్ తొక్కి, చచ్చిన రిమోట్‌ని స్టార్ట్ బటన్‌కి ఆనించి దాంతోనే నొక్కాను. ఇంజిన్ లేచింది, అలారం ఆగింది. టైమ్ ఏడుకి పది నిమిషాలు.

బ్యాటరీ లేని తాళాన్ని కారు ఎలా గుర్తుపట్టింది? విజయనగరం దాకా బుర్రలో ఇదే తిరిగింది. సంగతేంటంటే, ఆ ప్లాస్టిక్ డబ్బాలో రెండు వేర్వేరు పనివాళ్లు ఉంటారు. మనం దగ్గరికి వెళ్లినప్పుడు కారు తక్కువ ఫ్రీక్వెన్సీలో, సాధారణంగా 125 కిలోహెర్ట్జ్‌లో, 'ఎవరది?' అని అడుగుతుంది. రిమోట్ ఎక్కువ ఫ్రీక్వెన్సీలో, మన దగ్గర ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో, 'నేనే' అని జవాబిస్తుంది. ఆ జవాబు చెప్పడానికి బ్యాటరీ కావాలి. రెండోవాడు ఇమ్మొబిలైజర్ చిప్. వాడికి బ్యాటరీతో పనే లేదు. బాగా దగ్గరగా పెడితే కారులోని కాయిల్ నుంచి వచ్చే శక్తితోనే మేలుకుని తన గుర్తింపు చెప్పేస్తాడు. టోల్‌గేట్ దగ్గర ఫాస్టాగ్ చేసేదీ దాదాపు ఇదే. ఆ స్టిక్కర్‌లో బ్యాటరీ ఎక్కడుంది చెప్పండి? ఆఫీసు ఐడీ కార్డూ అంతే. రోజూ మెడలో వేసుకుని తిరుగుతూ కూడా నాకు తట్టలేదు.

అన్ని కార్లకీ స్టార్ట్ బటనే కాదు. కొన్నిటికి స్టీరింగ్ పక్కన, కొన్నిటికి కప్పులు పెట్టే చోట ఆ జాగా ఉంటుంది. మాన్యువల్‌లో ఒక్క పేజీయే, ఇప్పుడే చూసుకోండి. ఇంకో అనుమానం కూడా వస్తుంది. దారిలో ఉండగా రిమోట్ బ్యాటరీ చస్తే? ఇంజిన్ మామూలుగా ఆగదు. మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడే ఈ విద్య కావాలి. కానీ పోయింది కారు పెద్ద బ్యాటరీ అయితే ఈ విద్య పనికిరాదు. తాళంచెవితో తలుపు తీసుకుని లోపల కూర్చోవచ్చు, అంతే.

ఏడు నలభైకి ఆసుపత్రి మెట్లు ఎక్కించాను. షుగర్ చూశారు, సరేనన్నారు, లోపలికి తీసుకెళ్లారు. నేను బయటికొచ్చి అటూ ఇటూ తిరుగుతూ, గడియారాల షాపు తెరిచే దాకా ఆగాను.

నాకు కావాల్సింది సీఆర్2032. ఈ అంకెలేంటో అప్పుడే తెలుసుకున్నా. సీ అంటే లిథియం మాంగనీస్ డయాక్సైడ్ రకం, ఆర్ అంటే గుండ్రం. 20 అంటే వెడల్పు 20 మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. వోల్టేజ్ 3. పక్కనే సీఆర్2025 కూడా ఉంది. అదీ 3 వోల్టులే, కానీ మందం 2.5. వదులుగా కూర్చుంటుంది, తొందరగా అయిపోతుంది. మీ రిమోట్‌లో ఏ నంబరుందో అదే కొనండి. షాపాయన గోటితో డబ్బా తెరిచి, ప్లస్ ఎటుందో చూసి, నిమిషంలో మార్చేశాడు. 60 రూపాయలు.

రిమోట్‌ని టీవీ, కంప్యూటర్ పక్కన పడేయకండి, వాటి తరంగాలకి బ్యాటరీ తొందరగా అరిగిపోవచ్చు. గుమ్మం దగ్గర మేకుకి తగిలించడం కూడా మంచిది కాదు. ఇంట్లో ఉన్న తాళం సిగ్నల్‌ని పరికరాలతో కారు దాకా మోసుకెళ్లి తలుపు తీయొచ్చని జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు 2011లోనే చూపించారు. 8 కంపెనీల 10 మోడళ్లు పరీక్షిస్తే పదీ లొంగిపోయాయి. చెవి ఇనుముది అయ్యుంటే ఈ గొడవ ఉండేది కాదని మా నాన్న అంటారు. ఆయనతో వాదించే ధైర్యం ఆ రోజు నాకు లేదు.

సాయంత్రం ఇంటికొచ్చాక పాత బ్యాటరీ జేబులోంచి జారి మంచం మీద పడింది. అమ్మమ్మ కంటికి కట్టు. ఇంకో కన్నూ అంతంతమాత్రమే. తడిమి చూసి, "రూపాయి పారేసుకున్నావురా" అని చేతికిచ్చింది. నేను నవ్వి, టీవీ పక్కన పెట్టేశాను.

మర్నాడు ఆసుపత్రిలో కట్టు విప్పారు. ఇంటికి రాగానే ఆవిడ చేసిన మొదటి పని టీవీ దగ్గరికెళ్లి ఆ బిళ్ళ తీసి వెలుగులో పట్టుకుని చూడటం.

"ఒరే, దీని మీద సింహాలు నేవేటి? ఇది రూపాయి కాదు!"

కాదు అమ్మమ్మా అని తీసేసుకున్నాను. మా అక్క కూతురికి రెండేళ్లు. ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటుంది. ఈ బిళ్ళ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోతుంది. రెండు వైపులా టేపు చుట్టి బీరువా పైన పెట్టాను. తిరిగి వైజాగ్ వెళ్లేటప్పుడు పాత బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చేయాలి.